పత్రికా స్వేచ్ఛను కాపాడటమంటే డెస్కు మీద చెయ్యాల్సిన పనులేంటి?

సందేహి

పత్రికా స్వేచ్ఛ ప్రజాస్వామ్యానికి ఊపిరి అని ప్రసంగాల్లో వింటూనే ఉంటాం. ఆ మాట కాదనేవాళ్లు ఎవరూ ఉండరు, పీక నొక్కేవాళ్లతో సహా. ఇక్కడ అడిగేది వేరు. ఇద్దరు ముగ్గురు విలేకరులు, ఒక సబ్ ఎడిటర్ ఉన్న చిన్న వార్తా సంస్థ అనుకుందాం. పెద్దవాళ్లకు నచ్చని కాగితం ఒకటి చేతికొచ్చింది. అది అచ్చయ్యేలోపు, అచ్చయ్యాక దెబ్బ ఎక్కడెక్కడ పడుతుంది? కాసుకోడానికి ముందే ఏం చేసుకోవాలి?

రెండో ప్రశ్న: ఈ స్వేచ్ఛ వల్ల వార్తలు చదవని మనిషికి కూడా ఒరిగేది ఏంటో ఎవరైనా లెక్కతో చూపిస్తారా?

పాతడెస్కు

దెబ్బ పడేది వార్తలోకెల్లా బలహీనమైన వాక్యం మీద. యాభై వాక్యాల్లో ఒక్కటి తప్పైతే నోటీసు ఆ ఒక్కదాని మీదే వస్తుంది, మిగతా నలభై తొమ్మిదీ దానితో పాటు మునుగుతాయి. కాబట్టి వకీలు కన్నా ముందు ఆధారాల తనిఖీ.

వార్త పూర్తయ్యాక మార్జిన్ పెద్దగా వదిలి ప్రింటు తీసుకోండి. రాసినవాళ్లు కాక వేరొకరు పెన్సిలు పట్టుకుని ప్రతి పేరు, హోదా, తేదీ, అంకె, ఆరోపణ కింద గీత గీసి వరస నంబరు వెయ్యాలి. అవే నంబర్లతో ఒక ఫోల్డరు ఉండాలి: 14వ గీతకు 14వ ఆధారం. ఆధారం అంటే కాగితమో, రికార్డింగో, రేపు కోర్టులో నిలబడి చెప్పగల మనిషో. ‘అందరికీ తెలిసిందే’ ఆధారం కాదు. ‘ఫలానా పత్రికలో వచ్చింది’ కూడా కాదు, ఎందుకంటే వాళ్ల తప్పును మళ్లీ అచ్చేసినందుకు మీరూ బాధ్యులే అవుతారు. ఆధారం దొరకని వాక్యం ఎంత ముద్దొచ్చినా కొట్టెయ్యాలి.

కాలు జారేది ఎక్కువగా హెడ్డింగు దగ్గర. లోపల ‘గడువు ముగిశాక వచ్చిన బిడ్డును తీసుకున్నారు’ అని ఆచితూచి రాసి, పైన ‘సొమ్ము మింగిన అధికారి’ అని పెడతారు. గడువు దాటిన సంగతి కాగితం చూపిస్తుంది. మింగిన సంగతి చూపించదు. ఆ తర్వాత ఫోటో కింది రాత (ఫ్రేములో సంబంధం లేని మనిషి ఒకడు ఎప్పుడూ నిలబడి ఉంటాడు). ఆపైన వార్త లింకుకు సోషల్ మీడియాలో తగిలించే రెండు లైన్లు. ఎడిటరు చూడకుండా బయటికి పోయేవి అవే.

ఇక వివరణ. ‘వివరణ కోరగా స్పందించలేదు’ అని రాయాలంటే నిజంగా కోరి ఉండాలి. రాత్రి పదింటికి ‘మీ మీద వార్త వేస్తున్నాం, ఏమంటారు?’ అని మెసేజ్ పెట్టి తెల్లారేసరికి అచ్చేస్తే అది అడిగినట్టు కాదు. ప్రతి ఆరోపణనూ విడి ప్రశ్నగా రాసి పంపాలి. ఫలానా రోజు, ఫలానా గంటలోగా అని గడువు చెప్పాలి. అవతలివాళ్లు ఫైళ్లు వెతుక్కోవాల్సిన ప్రశ్నలైతే రెండు మూడు పనిదినాలు ఇవ్వడం న్యాయం. జవాబొస్తే దాని సారం వార్త తోకలో కాదు, ఆరోపణ పక్కనే పడాలి. బ్రిటన్‌లో హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో అక్కడి పై కోర్టు కూడా అదే) 1999లో రేనాల్డ్స్ పరువు నష్టం కేసులో, బాధ్యతగా రాశారా లేదా అని తేల్చడానికి పది అంశాలు చెప్పింది. అవతలి పక్షాన్ని అడిగారా, వాళ్ల మాట సారమైనా వేశారా అన్నవి వాటిలో రెండు. 2013లో ఆ తీర్పు స్థానంలో చట్టం వచ్చింది కానీ, డెస్కు గోడకు అంటించుకోడానికి ఆ పది అంశాలూ ఇప్పటికీ బంగారం.

రెండోవాయిదా

పాతడెస్కు గారు చెప్పిన ఫోల్డరు ఉంటే వకీలు పని సగం అయిపోయినట్టే. నోటీసు వచ్చాక జరిగేది నేను చెబుతాను.

పెద్ద తప్పు భయపడి పేజీ పీకెయ్యడం. దానికి తమ్ముడు, రోషంతో నోటీసును సోషల్ మీడియాలో పెట్టి నాలుగు తిట్లు తగిలించడం. మొదటిది తప్పు ఒప్పుకున్నట్టూ, ఆధారం చెరిపేసినట్టూ కనిపిస్తుంది. రెండోదాన్ని దురుద్దేశానికి సాక్ష్యంగా అవతలివాళ్లు చక్కగా వాడుకుంటారు.

నోటీసు అందిన తేదీ కవరు మీదే రాయండి. కవరు పారెయ్యకండి, గడువు లెక్క దాన్నిబట్టే. ఆ రోజు పేజీ ఎలా ఉందో అలాగే కాపీ తియ్యండి. వార్త పాత ప్రతులు, ఎడిటింగు చరిత్ర కూడా. ఆ ఫైళ్ల హాష్ విలువ (ఫైలును బట్టి కంప్యూటరు లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య) రాసి అదే రోజు మీ వకీలుకు పంపితే, తర్వాత ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది కాబట్టి ‘ఈ కాపీని ఆ తర్వాత దిద్దారు’ అనడం కష్టం. సంస్థ తరఫున మాట్లాడేది ఒక్కరే ఉండాలి. అవతలి వకీలు ఫోను చేస్తే ‘రాతలో పంపండి’ అనాలి, అంతే.

అప్పుడు నోటీసు చదవండి. మీ వార్తలో ఏ వాక్యం అబద్ధమంటున్నారో వెతకండి. చాలాసార్లు అది ఉండదు. ‘నా క్లయింటు ప్రతిష్ఠకు తీరని భంగం’ అని నాలుగు పేజీలుంటుంది. జవాబు నాలుగు లైన్లు చాలు: తప్పన్న వాక్యం ఏది, ఎందుకు తప్పు, అందుకు మీ దగ్గరున్న కాగితం ఏది? నిజంగానే తప్పు దొర్లితే మాత్రం ఆ రోజే దిద్ది, ఏది ఎప్పుడు మార్చామో అదే పేజీలో చెప్పాలి. చప్పుడు చెయ్యకుండా మార్చడం అన్నిటికన్నా చేటు.

గెలవాలని వెయ్యని దావాలు ఇంకో రకం. స్లాప్ దావాలంటారు. దూరపు కోర్టులో వేస్తారు, విలేకరి మీద విడిగా, సంస్థ మీద విడిగా వేస్తారు, ఇల్లు అమ్మినా కట్టలేని పరిహారం అడుగుతారు. వీటిలో శిక్ష తీర్పులో ఉండదు, వాయిదాల్లో ఉంటుంది. మాల్టాలో విలేకరి డాఫ్నే కరువానా గలీజియా 2017 అక్టోబరు 16న కారు బాంబుకు బలయ్యేనాటికి ఆమె మీద 40కి పైగా పరువు నష్టం కేసులు నడుస్తున్నాయి. ఆమె చనిపోయాక కూడా కొన్ని కేసులు కుటుంబం నెత్తిన పడ్డాయి. ఐరోపా యూనియన్ 2024లో తెచ్చిన స్లాప్ వ్యతిరేక ఆదేశాన్ని వాడుకలో ‘డాఫ్నే చట్టం’ అంటున్నది అందుకే. దాని కింద, బొత్తిగా పస లేని దావాను మొదట్లోనే కొట్టెయ్యమని అడగొచ్చు. ఖర్చులకు వాదితో ముందే పూచీ కట్టించొచ్చు. ఓడితే ప్రతివాది ఖర్చులన్నీ వాదే భరించాలి. చిక్కేంటంటే అది సరిహద్దులు దాటే సివిల్ వ్యవహారాలకే వర్తిస్తుంది. పూర్తిగా ఒకే దేశంలో నడిచే కేసుకు ఆ దేశం సొంత చట్టం చేసుకోవాల్సిందే.

తాళంచెవి

కోర్టులో నెగ్గి సోర్సును, అంటే మనకు సమాచారం ఇచ్చిన మనిషిని, పోగొట్టుకుంటే ఏం లాభం? ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా.

చట్టాలు దేశానికొక రకం. స్వీడన్‌లో ప్రభుత్వాధికారి ‘పత్రికకు ఎవరు చెప్పారు’ అని ఆరా తియ్యడమే నిషిద్ధం. పేరు దాచమన్న సోర్సును విలేకరి బయటపెడితే అదీ నేరమే. ఐరోపా మానవ హక్కుల కోర్టు 1996లో గుడ్‌విన్ కేసులో, సోర్సుకు రక్షణ లేకపోతే పత్రికా స్వేచ్ఛకు పునాదే లేదన్నట్టు తీర్పిచ్చింది. అమెరికాలో మాత్రం 1972 నాటి బ్రాంజ్‌బర్గ్ తీర్పు ప్రకారం, గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం) ముందు నోరు విప్పనని భీష్మించే హక్కును, పత్రికా స్వేచ్ఛ ఇచ్చే రాజ్యాంగం మొదటి సవరణ కూడా ఇవ్వదు. అందుకని చట్టం మీద భారం వేసి కూర్చోలేం.

పైగా ఈ రోజుల్లో విలేకరిని అడగాల్సిన పనే ఉండదు, కాగితమే చెప్పేస్తుంది. 2017లో అమెరికాలో రియాలిటీ విన్నర్ అనే ఉద్యోగిని కేసు చూడండి. రహస్య నివేదిక ప్రతి ఒక వార్తా సంస్థకు చేరింది. అది అసలుదేనా అని తేల్చుకోడానికి ఆ ప్రతినే ప్రభుత్వానికి చూపించారు. పేజీల మీద మడత గీతలున్నాయి. అంటే ఎవరో ప్రింటు తీసి చేత్తో బయటికి తెచ్చారన్నమాట. ప్రింటు తీసినవాళ్ల లాగ్ చూస్తే ఆరుగురు తేలారు. ఆ ఆరుగురిలో ఒకరి ఆఫీసు కంప్యూటరు నుంచి అదే వార్తా సంస్థకు అంతకుముందు ఈమెయిలు వెళ్లింది. ఆ ఒకరే విన్నర్. శిక్ష 63 నెలలు.

దీన్నుంచి తీసుకోవాల్సినవి ఇవీ. ధ్రువీకరణకు కాగితం బొమ్మ ఎప్పుడూ పంపకండి. అందులోని విషయాన్ని మీ మాటల్లో అడగండి. ‘మీ మాటల్లో’ అన్నది ముఖ్యం. లీకు పట్టడానికి ఒక్కొక్కరికి ఒక్కో మాట మార్చి ప్రతులు పంచే అలవాటు ఉంది, ఉన్నది ఉన్నట్టు టైపు చేసినా ఆ మాట దొరికిపోతుంది. చాలా కలర్ లేజర్ ప్రింటర్లు మామూలు చూపుకు ఆనని పసుపు చుక్కలు వేస్తాయి. మెషీన్ సీరియల్ నంబరు, ప్రింటు తేదీ, సమయం వాటిలో ఉంటాయి. నీలి కాంతి కింద భూతద్దం పెడితే కనపడతాయి. కాబట్టి స్కాన్ వెయ్యాల్సివస్తే కలర్‌లో వద్దు.

పేర్లు చెరపడం దగ్గర ఇంకో గొయ్యి. పీడీఎఫ్‌లో పేరు మీద నల్ల గడి పెడితే కింద అక్షరాలు అలాగే ఉంటాయి. సెలెక్టు చేసి కాపీ కొడితే బయటికొచ్చేస్తాయి. 2019 జనవరిలో, ట్రంప్ ఎన్నికల ప్రచారాన్ని ఒకప్పుడు నడిపిన పాల్ మానఫోర్ట్ లాయర్లు కోర్టులో వేసిన పత్రంలో ఇదే జరిగి, దాచాల్సినదంతా విలేకరుల చేతిలో పడింది. సరైన దారి: గడి పెట్టాక పేజీని బొమ్మగా మార్చి, ఆ బొమ్మతో కొత్త పీడీఎఫ్ చేసి, చివర్లో మీరే కాపీ కొట్టి చూడటం. గడులన్నీ ఒకే వెడల్పులో పెట్టండి, లేకపోతే పేరు పొడవును గడే చెప్పేస్తుంది. బ్లర్ మీద నమ్మకం పెట్టుకోకండి.

ఫోన్ల సంగతి. సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ మంచిదే. 2016లో గ్రాండ్ జ్యూరీ సమన్లు వస్తే ఆ సంస్థ ఇవ్వగలిగింది ఖాతా తెరిచిన సమయం, చివరగా కనెక్టయిన తేదీ, అంతే. కానీ తాళం వేసిన స్క్రీను మీద మెసేజ్ కనపడేలా నోటిఫికేషన్ వదిలేస్తే, సోర్సు పేరు అసలు పేరుతోనే కాంటాక్టుల్లో సేవ్ చేసుకుంటే సిగ్నల్ ఏం చేస్తుంది పాపం. తనంతట తనే చెరిగిపోయే టైమరు పెట్టండి. కలవడానికి వెళ్లేటప్పుడు ఫోను దారిలో ఆపకండి. రెండు ఫోన్లు ఒకే వీధిలో ఒకే నిమిషంలో ఆగిపోతే అదే ఒక ఆనవాలు. రెండూ ఎవరి చోట వాళ్లు వదిలేసి వెళ్లడమే మేలు. సోదాకు వచ్చే అవకాశం ఉంటే రాత్రిపూట కంప్యూటరు నిద్రలో వదలకుండా పూర్తిగా ఆపండి. డిస్కు ఎన్‌క్రిప్షన్ (ఫైళ్లు పాస్‌వర్డ్ లేనిదే చదవడానికి వీల్లేకుండా వేసే తాళం) గట్టిగా పనిచేసేది అప్పుడే.

సందేహి

సోర్సులు పేరు చెప్పకుండా కాగితాలు పంపే సెక్యూర్‌డ్రాప్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే ఇవన్నీ తీరవా?

తాళంచెవి

రెండు సర్వర్లు కావాలి, నెట్‌కు ఎప్పుడూ తగలని కంప్యూటరు ఇంకోటి కావాలి, వీటిని కనిపెట్టుకుని ఉండే మనిషీ కావాలి. ఆ మనిషి లేని చోట పెడితే అది తుప్పు పట్టిన తాళమే. చిన్న సంస్థకు సిగ్నల్ నంబరు ఒకటి, పోస్టు చిరునామా ఒకటి, ‘ఆఫీసు నెట్ నుంచి, ఆఫీసు ఫోను నుంచి మాకు రాయకండి’ అనే హెచ్చరిక ఒకటి చాలు. ఆ హెచ్చరిక సోర్సు మీకు మొదటి మెసేజ్ పెట్టకముందే కనపడే చోట ఉండాలి. ఆ తర్వాత చెప్పి లాభం లేదు.

ఎదురుగాలి

ఇదంతా నిజాయతీగా రాసేవాళ్ల గొడవ. వాళ్లెంతమంది? యజమాని వ్యాపారం ఏదైతే చానల్ అదే వాయిస్తుంది. డబ్బు తీసుకుని వార్త వేసేవాళ్లున్నారు. వీళ్ల స్వేచ్ఛ కోసం జనం ఎందుకు కొట్లాడాలండీ? డాక్టరుకు లైసెన్సు ఉన్నట్టు విలేకరికీ పెట్టి, అబద్ధం రాస్తే రద్దు చేస్తే సరిపోదా?

రెండోవాయిదా

ఈ ప్రశ్న కోర్టుదాకా వెళ్లింది. కోస్టారికాలో వృత్తి సంఘం సభ్యత్వం లేనిదే జర్నలిస్టుగా పనిచెయ్యకూడదని చట్టం ఉండేది. 1985లో అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు అది చెల్లదంది. దాని తర్కం సూటిగా చెప్పాలంటే, ఆపరేషన్ చెయ్యడం అందరి హక్కు కాదు కాబట్టి దానికి లైసెన్సు పెట్టొచ్చు. మాట్లాడటం, సమాచారం పంచడం అందరి హక్కు. విలేకరి ఆ హక్కునే వృత్తిగా చేస్తాడు. అందరి హక్కుకు కొందరికే లైసెన్సు ఎలా ఇస్తారు?

ఆచరణలో ఇంకో ముక్క. లైసెన్సు రద్దు చేసే అధికారం చేతిలో ఉన్నవాడి మీద వచ్చే వార్తే ముందు అబద్ధమవుతుంది. అబద్ధానికి మందు సవరణ, సివిల్ దావా. జైలు కాదు, లైసెన్సు అసలే కాదు.

లెక్కలపుస్తకం

సందేహి గారి రెండో ప్రశ్నకు వస్తాను. ఎదురుగాలి గారికీ ఇదే జవాబు.

ఉగాండాలో ప్రాథమిక బడులకు కేంద్రం తలసరి గ్రాంటు పంపేది. మధ్యలో జిల్లా కార్యాలయాలు. రీనికా, స్వెన్సన్ అనే ఆర్థికవేత్తలు బడులకు వెళ్లి పుస్తకాలు తిరగేసి, పైనుంచి బయల్దేరిన సొమ్ముతో పోల్చారు. 1991-95 మధ్య సగటున బడి చేతికి అందింది 13 శాతం. నూటికి 87 దారిలోనే ఆవిరి. తర్వాత ప్రభుత్వం, ఏ నెలలో ఏ జిల్లాకు ఎంత పంపామో పత్రికల్లో వెయ్యడం మొదలుపెట్టింది. 2001 నాటికి బడికి చేరేది 80 శాతం దాటింది. కొత్త పోలీసులు లేరు, కొత్త శిక్షలు లేవు. హెడ్‌మాస్టరుకు తనకెంత రావాలో తెలిసింది, వెళ్లి అడిగాడు. పత్రిక కొనే చోటుకు దగ్గరగా ఉన్న బడులకు ఎక్కువ లాభం జరిగిందని కూడా వాళ్లు చూపించారు.

అమెరికాలో ఇంకో లెక్క ఉంది. స్థానిక పత్రిక మూతపడిన జిల్లాల్లో పురపాలక బాండ్ల (స్థానిక ప్రభుత్వాలు అప్పు తెచ్చుకునే పత్రాల) వడ్డీ 5 నుంచి 11 బేసిస్ పాయింట్లు (ఒక్కోటి ఒక శాతంలో నూరో వంతు) పెరిగిందని పరిశోధకులు తేల్చారు. వినడానికి చిన్నదే, కానీ ఇరవై ముప్పయ్యేళ్ల అప్పు మీద అది పన్ను కట్టేవాళ్ల జేబులోంచే పోతుంది, పత్రిక ముట్టుకోనివాడి జేబుతో సహా. కాంట్రాక్టులు చూసే కన్ను లేదని అప్పిచ్చేవాడికి తెలుసు. ఆ భయానికి ధర అది.

కరువుల సంగతి అమర్త్య సేన్ ఎప్పుడో చెప్పారు: స్వేచ్ఛగా పత్రికలు నడిచే ప్రజాస్వామ్యంలో పెద్ద కరువు చావులు రాలేదని. 1958-61లో చైనాలో కోట్లలో జనం చనిపోయారు. కింది అధికారులు పంట దిగుబడి పెంచి రాసి పంపారు, పైవాళ్లు ఆ లెక్కలే నమ్మారు. అబద్ధమని రాయగల పత్రిక లేకపోతే మోసపోయేది జనం ఒక్కరే కాదు, రాజధానిలో కూర్చున్న పాలకుడు కూడా.

ఎదురుగాలి

ఉగాండాలో అదే సమయంలో వేరే సంస్కరణలు కూడా వచ్చాయి కదా. అంతా పత్రిక ఖాతాలో వేస్తే ఎలా?

లెక్కలపుస్తకం

నిజమే, ఆ అభ్యంతరం పరిశోధకులే లేవదీశారు. గ్రాంట్ల పంపిణీ, పర్యవేక్షణ అన్నీ ఆ ఏళ్లలో మారాయి. 13 నుంచి 80కి పెరిగినదంతా పత్రిక వల్లే అనడం అత్యాశ. కానీ అంకె బయటికి రాకపోతే ఆ 13 శాతం సంగతి ఎవరికీ తెలిసేదే కాదు, సంస్కరణ అనే మాటే పుట్టేది కాదు. అందాకా గట్టిగా చెప్పొచ్చు.

అచ్చుసిరా

డబ్బు గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి? కత్తెర పట్టిన సెన్సారు అధికారి పాత బొమ్మ. అసలు గొంతు కాగితం దగ్గరే నొక్కారు. మెక్సికోలో 1935లో పెట్టిన ప్రభుత్వ సంస్థ పీప్సా దశాబ్దాల పాటు న్యూస్‌ప్రింటు (పత్రికలు అచ్చేసే కాగితం) సరఫరాను గుప్పిట్లో పెట్టుకుంది. నచ్చని పత్రికకు కాగితం అందకపోతే చాలు, నిషేధం అక్కర్లేదు. భారత్‌లో 1972-73 న్యూస్‌ప్రింట్ విధానం పత్రికలకు పది పేజీల పరిమితి పెట్టింది. టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ బెన్నెట్ కోల్‌మన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. పేజీల మీద కట్టడి అంటే మాట మీద కట్టడే అని.

ఇప్పుడు కాగితం స్థానంలో ప్రకటనలున్నాయి. ఫోను చేసి బెదిరించరు. వచ్చే నెల ప్రకటన రాదు, అంతే. దానికి కోర్టులో స్టే దొరకదు. చిన్న సంస్థ చూసుకోవాల్సింది ఒకటే: ఏ ఒక్క ప్రకటనదారు పోయినా జీతాలు ఆగకూడదు. నెలకోసారి కూర్చుని, అందరికన్నా పెద్ద ప్రకటనదారు ఆదాయాన్ని తీసేసి లెక్క వేసుకోండి. జీతాలకు సరిపోకపోతే ఆ ప్రకటనదారు మీద వార్త మీరు రాయలేరు. రాయట్లేదన్న సంగతి మీకే తెలియకుండా రాయడం మానేస్తారు. చందాలు చిన్న చిన్నవి ఎక్కువమంది దగ్గర ఉండటం మంచిది. యజమాని ఎవరు, డబ్బు ఎక్కడిది అన్నది సైటులోనే పెట్టండి. ఎదురుగాలి గారి అనుమానానికి లైసెన్సు కన్నా ఇదే మంచి మందు.

పాతడెస్కు

ఒక సంగతి మిగిలింది, బెదిరింపులు. వచ్చిన మెసేజ్‌ను చిరాకుతో చెరిపెయ్యకండి. ఖాతా పేరు, లింకు, సమయం కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి ఒకే పట్టికలో వరసగా పెట్టండి. ఒక్కొక్కటి విడిగా చూస్తే తిట్టులా ఉంటుంది, పట్టికలో చూస్తే ఏ వార్త తర్వాత ఎన్ని వచ్చాయో బయటపడుతుంది. చదివే పని తిట్లు తినే మనిషికి కాక ఇంకొకరికి ఇవ్వండి. ప్రమాదం గట్టిదనిపిస్తే వార్త సామగ్రి మొత్తం వేరే సంస్థ దగ్గర ఒక ప్రతి ఉంచండి, ఉంచామని నలుగురికీ తెలియనివ్వండి. స్లొవేకియాలో విలేకరి యాన్ కుత్సియాక్‌ను 2018 ఫిబ్రవరిలో చంపాక, ఆయన సగంలో వదిలిన వార్తను సహచరులు పూర్తి చేసి అచ్చేశారు. వచ్చే నెలకల్లా ప్రధాని రాజీనామా చేశాడు. మనిషిని చంపితే వార్త చావదని తెలిస్తే చంపించేవాడికి మిగిలే లాభం తక్కువ. ఫర్బిడెన్ స్టోరీస్ అనే బృందం 2017 నుంచి చేస్తున్న పని ఇదే.

సందేహి

అందరికీ ధన్యవాదాలు. చివరి ప్రశ్న. పెన్సిలుతో గీతలు గీయడానికి రెండో మనిషే లేకపోతే?

పాతడెస్కు

అప్పుడు ఒక రాత్రి నిద్రపోయి లేచి, రాసినవాళ్లే గీయాలి. చివరి వాక్యంతో మొదలుపెట్టి పైకి చదవండి. కథ వరసలో చదివితే మనం రాసింది మనకే నిజంలా వినిపిస్తుంది. వెనక్కి చదివితే ఒక్కో వాక్యం ఒంటరిగా నిలబడాల్సి వస్తుంది. నంబర్లు మాత్రం పైనుంచే వెయ్యండి, లేకపోతే ఫోల్డరు తలకిందులవుతుంది.